చెమట పట్టని పనికి ఉజ్రత్ ఎంత?

మా మామూకి ఆళ్లగడ్డలో ఒక తెల్ల అంబాసిడర్ ఉంది. డీజిల్ బండి. నికాహ్‌ల సీజన్‌లో దుల్హాలని ఊరేగిస్తుంది, మిగతా రోజుల్లో అహోబిలం పోయేవాళ్లకి కిరాయికి తిరుగుతుంది. ఆ బండి సంపాదన మీదే ఇద్దరు ఆడపిల్లల షాదీలు చేశాడు మామూ.

పోయిన చలికాలం నంద్యాలలో ఒక బారాత్ మధ్యలో ఆ బండి మొరాయించింది. బానెట్ నిండా పూలు, లోపల సెహ్రా కట్టుకున్న దుల్హా, ముందు బ్యాండు మేళం. ఫంక్షన్ హాల్ గేటు కనపడుతూనే ఉంది. పటాకులు కాలుస్తున్నాం, కాసేపు ఇంజిన్ ఆపమన్నారు ఎవరో. మామూ ఆపాడు. మళ్లీ చాబీ తిప్పితే సెల్ఫ్ ‘టక్’ మని ఊరుకుంది. దుల్హాని బండిలోనే కూర్చోబెట్టి దోస్తులంతా తోశారు. నేనూ తోశాను. చుట్టూ సెల్‌ఫోన్లు వీడియోలు తీస్తున్నాయి. స్టీరింగ్ ముందు కూర్చున్న మామూ ముఖం మాత్రం నేను చూడలేకపోయాను.

అప్పటికి కొత్త బ్యాటరీ వేసి రెండు నెలలు కాలేదు. డైనమో మార్చి మూడు వారాలు. రెండూ కలిపి పన్నెండు వేలు దాటింది. చివరికి తేలిన జబ్బు ఖరీదు ఇరవై రూపాయలు. ఆ జబ్బు కనిపెట్టిన మనిషికి నేను ఇచ్చిన ఉజ్రత్ గురించి చెప్పుకోవాలి. చెప్పుకుంటే తప్ప నా దిల్‌కి సుకూన్ లేదు.

బ్యాటరీ డౌన్ అవుతోందని మొదట ఫోన్ చేసినప్పుడే, ఆళ్లగడ్డలో ఉస్తాద్‌కి చూపిస్తానన్నాడు మామూ. ఉస్తాద్ అంటే రోడ్డు పక్కన రేకుల డబ్బాలో కూర్చునే వైరింగ్ మిస్త్రీ. నేనే వద్దన్నాను. “ఆ డబ్బాలో ఏముంది మామూ, నంద్యాలకి తీసుకురా, కంప్యూటర్ పెట్టి చూసే గ్యారేజీలున్నాయి” అన్నాను. పత్రికలో పనిచేసే భాంజా చెప్తే మామూ ఎందుకు కాదంటాడు? తీసుకొచ్చాడు. అంబాసిడర్‌కి ఆ కంప్యూటర్ వైరు పెట్టే చోటే లేదని అక్కడికి పోయాక తెలిసింది.

లేకపోవడంలో వింతేమీ లేదు. ఇంగ్లండ్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనాతో, బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారాలో, 1950ల చివర్లో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేయడం మొదలుపెట్టిన బండి అది. ఇంజిన్లు మారాయి, ముందు జాలీ మారింది, ఆకారం మాత్రం అదే. 2014 మేలో ఫ్యాక్టరీ ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద తిరిగే ప్రతి అంబాసిడర్‌నీ బతికిస్తున్నది ఏదో ఒక ఊళ్లో ఒక మిస్త్రీ తజుర్బానే.

మొదటి గ్యారేజీలో కుర్రాడు ఇంజిన్ గట్టిగా రేస్ చేసి, బ్యాటరీ మీద మీటర్ పెట్టాడు. 14 వోల్టులు. “ఛార్జింగ్ బాగుంది అంకుల్, బ్యాటరీ పోయింది” అన్నాడు. మార్చాం. నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ. రెండో గ్యారేజీలో “పాత డైనమో లోడ్ తీసుకోవడం లేదు” అన్నారు. అదీ మార్చాం. నిజానికి మన దగ్గర డైనమో అంటున్నది డైనమో కాదు, ఆల్టర్నేటర్. పాతకాలం అంబాసిడర్లకి అసలు డైనమోలే ఉండేవి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే అవి కరెంటు సరిగా ఇచ్చేవి కావు. బండి ఆగినప్పుడు లైట్లు డిమ్ అయ్యేవి అందుకే. తర్వాత ఆల్టర్నేటర్ వచ్చింది, పేరు మాత్రం మారలేదు.

ఇద్దరూ ధోకా చేశారని నేను అనను. వాళ్లు చూసింది వాళ్లు చెప్పారు. కానీ చూడాల్సిన క్రమంలో చూడలేదు. అసలు బండి నడిపే మనిషిని ఒక్క సవాల్ కూడా అడగలేదు.

బారాత్ రాత్రికి వస్తాను. తోసి స్టార్ట్ చేశాక మామూ మళ్లీ ఇంజిన్ ఆపలేదు. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ అక్కర్లేదు కాబట్టి, ఒకసారి అంటుకుంటే బ్యాటరీ చచ్చినా నడుస్తుంది. ఖాలాని దింపాలని నేనూ ఎక్కాను. నంద్యాల దాటేసరికి హెడ్‌లైట్లు గుడ్డి దీపాల్లా ఉన్నాయి. హారన్ గొంతు పోయింది. హైవే మీద ఎదురుగా లారీలు. మామూ నెమ్మదిగా పోనిస్తున్నాడు, వెనక ఖాలా ఆయతుల్ కుర్సీ చదువుతోంది. సిరివెళ్ల మెట్ట దగ్గర ఒక లారీని దాటడానికి మామూ మూడో గేరులో యాక్సిలరేటర్ బలంగా తొక్కాడు. హఠాత్తుగా లైట్లు తెల్లగా వెలిగాయి. ఆళ్లగడ్డ చేరేదాకా అలాగే ఉన్నాయి. ఖాలా తన దువా కబూల్ అయిందన్నది. మేమిద్దరం ఆమీన్ అన్నాం. అంతకంటే మాకూ ఏమీ తెలియదు.

పొద్దున్నే ఫజర్ తర్వాత మామూ బండిని కిలోల లెక్కన అమ్మేస్తానన్నాడు. అమ్మే ముందు ఒక్కసారి ఉస్తాద్‌కి చూపిద్దామన్నది ఖాలా.

ఉస్తాద్ బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ మూడు సవాళ్లు అడిగారు. ఎప్పుడు డౌన్ అవుతుంది, ఊళ్లోనా హైవే మీదనా? ఊళ్లోనే, అందులోనూ బారాత్‌లలో, అన్నాడు మామూ. రాత్రి లైట్లు ఏ చోట వెలిగాయి, అప్పుడు నువ్వేం చేస్తున్నావు? లారీని దాటుతున్నా. ఇక మూడోది:

“చాబీ తిప్పితే లాల్ బత్తీ జల్తీ క్యా భాయ్?”

“నై ఉస్తాద్. వో తో కబ్‌సే బంద్ హై. అచ్ఛాచ్ హై నా?”

లాల్ బత్తీ అంటే స్పీడోమీటరు పక్కన బ్యాటరీ గుర్తుతో ఉండే చిన్న ఎర్ర దీపం. అంబాసిడర్ నెత్తి మీద తిరిగే లాల్ బత్తీ అందరికీ గుర్తే. సాహెబ్‌ల దర్జా అది, 2017 మే 1 నుంచి దాన్నీ తీసేశారు. డాష్‌బోర్డులో ఉండే ఈ గరీబు లాల్ బత్తీని ఎవరు పట్టించుకుంటారు? వెలిగితే ప్రమాదం, వెలగకపోతే ఖైరియత్ అనుకున్నాడు మామూ. నన్నడిగినా అదే చెప్పేవాణ్ని.

ఉస్తాద్ నవ్వి, “వో ఖాలీ బోల్నే కీ బత్తీ నై భాయ్, జగానే కీ బత్తీ హై” అన్నారు. అది చెప్పే దీపం మాత్రమే కాదు, లేపే దీపం.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత మేరకు ఇదీ. ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగం అయస్కాంతంగా మారితేనే కరెంటు పుడుతుంది. అది అయస్కాంతం కావడానికి ముందు కాస్త కరెంటు కావాలి. బిస్మిల్లా అనడానికి ఎవరో ఒకరు ఉండాలి. చాబీ తిప్పగానే బ్యాటరీ నుంచి ఆ కాస్త కరెంటు ఈ ఎర్ర బల్బు గుండానే పోతుంది. పోతూ బల్బుని వెలిగిస్తుంది. ఇంజిన్ నడిచి ఆల్టర్నేటర్ తన కరెంటు తాను పుట్టించుకోగానే బల్బుకి రెండు వైపులా వోల్టేజీ సమానమవుతుంది, బల్బు ఆరిపోతుంది. కాబట్టి చాబీ తిప్పినప్పుడు వెలగాలి, ఇంజిన్ నడిచాక ఆరాలి. రెండూ జరిగితేనే ఖైరియత్.

బల్బు మాడిపోతే? ఆ మొదటి కరెంటు పోదు, ఆల్టర్నేటర్ లేవదు. అయితే ఇనుములో పాత అయస్కాంతపు వాసన కొంచెం మిగిలి ఉంటుంది. ఇంజిన్‌ని బాగా రేస్ చేస్తే ఆ కొంచెంతోనే ఒక్కోసారి లేస్తుంది. ఒకసారి లేస్తే ఇంజిన్ ఆపేదాకా పనిచేస్తుంది. హైవే మీద బాగుండటం, బారాత్‌లో నడక వేగంతో పోతూ లైట్లన్నీ వేసుకుంటే బ్యాటరీ ఖాళీ అవడం, సిరివెళ్ల మెట్ట దగ్గర లైట్లు రావడం, గ్యారేజీలో రేస్ చేస్తే 14 చూపించడం, కొత్త డైనమోకి కూడా అదే రోగం రావడం, అన్నీ ఆ ఒక్క జవాబులో ఇమిడిపోయాయి.

డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి బల్బు లాగారు. గాజు లోపల నల్లగా ఉంది. పక్క షాపులో ఇరవై రూపాయలకి దొరికింది. హోల్డర్ తుప్పు గీకి కొత్తది పెట్టి చాబీ తిప్పారు. ఎర్రగా వెలిగింది. ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోయింది. రేస్ చేయకుండానే మీటర్ 14 దాటింది. హెడ్‌లైట్లు వేస్తే 13.8 దగ్గర నిలబడింది. చాయ్‌తో కలిపి మొత్తం అరగంట.

“ఎంత ఉస్తాద్?” అన్నాను.

“పాంచ్ సౌ దేదో బేటా.”

నా నోట్లోంచి వచ్చిన మాట, అల్లాహ్ మాఫ్ చేయాలి, “బల్బు ఇరవై రూపాయలదే కదా ఉస్తాద్!” ఆయన బేరమాడలేదు. రెండు వందలు చేతిలో పెట్టాను. “ఠీక్ హై” అని జేబులో పెట్టుకుని ఇంకో బండి వైపు తిరిగారు.

ఆళ్లగడ్డ నుంచి బస్సులో వస్తుంటే లెక్క వేసుకున్నాను. మా జబ్బుకి సంబంధం లేని రెండు వస్తువులకి పన్నెండు వేలు ఇచ్చాం, కిమ్మనలేదు. అట్టపెట్టె ఉంది, బిల్లు ఉంది, వారంటీ కార్డు ఉంది. జబ్బుని పట్టుకున్న దిమాగ్‌కి ఐదు వందలు అడిగితే ఎక్కువనిపించింది. ఎందుకంటే ఆయన చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది ఒక బల్బే.

మజ్దూర్ చెమట ఆరకముందే ఉజ్రత్ ఇచ్చేయాలన్న మాట జుమా బయాన్‌లలో చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఉస్తాద్‌కి చెమటే పట్టలేదు. అదే ఆయన ఖుసూర్ అయిపోయింది. గంటసేపు బండి కింద దూరి, ఒళ్లంతా గ్రీజు చేసుకుని, నాలుగు చోట్ల తప్పుగా విప్పి, చివరికి అదే బల్బు మార్చి ఉంటే ఐదు వందలూ ఇచ్చేవాణ్ని. తప్పులు చేయనందుకు మూడు వందలు కోశాను.

యునానీ హకీం దగ్గర తష్ఖీస్ ముందు, ఇలాజ్ తర్వాత. నబ్జ్ పట్టుకుని జబ్బేమిటో తేల్చడమే సగం వైద్యం. డాక్టర్ దగ్గరికి పోయి ఆయన “ఏమీ లేదు, వెళ్లండి” అంటే ఫీజు ఇచ్చి అల్హందులిల్లాహ్ అనుకుంటూ వస్తాం. పెద్ద షోరూం సర్వీస్ సెంటర్లో “చెకింగ్ చార్జి” అని బిల్లులో రాస్తే నోరు మూసుకుని కడతాం. మిస్త్రీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తష్ఖీస్ ముఫ్త్, మాల్‌కే పైసా. ఆయన చదువు గోడ మీద ఫ్రేములో వేలాడకపోవడమే కారణం. ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా, ఇంకో కారణం ఆయన మనవాడు కావడం. గ్యారేజీల్లో, వెల్డింగ్ షాపుల్లో, పంక్చర్ డబ్బాల్లో కూర్చున్న మన వాళ్ల హునర్‌ని బయటివాళ్లు చిన్నచూపు చూస్తున్నారని నేనే ఎన్నో సార్లు రాశాను. కంప్యూటర్ ఉన్న చోటికి పోదామన్నదీ నేనే.

దీని నతీజా ఏమిటో ఆలోచించండి. తష్ఖీస్‌కి పైసా రాదని తెలిసిన మిస్త్రీ ఏం చేస్తాడు? వస్తువు అమ్ముతాడు. బల్బు పోయిందంటే నేను యాభై రూపాయలు ఇస్తాను, బ్యాటరీ పోయిందంటే అతనికి కమీషన్ వస్తుంది. పిల్లల స్కూలు ఫీజు కట్టాల్సిన మనిషి ఏది పోయిందంటాడు? నంద్యాల గ్యారేజీ వాళ్లని నేను తప్పు పట్టలేకపోవడానికి సబబ్ ఇదే. ఆలోచించడానికి మనం ఉజ్రత్ ఇవ్వం కాబట్టి వాళ్లు ఆలోచించడం మానేశారు. అలాంటి చోట పనికి చేరిన షాగిర్ద్ పానా పట్టుకోవడం నేర్చుకుంటాడు గానీ సవాల్ అడగడం ఎక్కడ నేర్చుకుంటాడు?

“మిస్త్రీలందరూ మీ ఉస్తాద్ లాంటివాళ్లు కాదు భాయ్, ఏమీ చూడకుండానే చెకింగ్ పేరుతో లూటీ చేస్తారు” అని ఒక దోస్త్ అన్నాడు. అదీ నిజమే. దానికి జవాబు ఉజ్రత్ ఎగ్గొట్టడం కాదు, చూపించమని అడగడం. మీటర్ మీద ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది? అది అర్థం కావడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఉస్తాద్ దగ్గర నేను నేర్చుకున్న క్రమం రాస్తున్నాను, పాత బండి ఉన్నవాళ్లు పెట్టుకోండి.

ముందు లాల్ బత్తీ: చాబీకి వెలగాలి, ఇంజిన్‌కి ఆరాలి. తర్వాత ఫ్యాన్ బెల్టు: రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా లొంగాలి. అంతకంటే వదులైతే జారుతుంది, కీచుమంటుంది. తర్వాత బ్యాటరీ టెర్మినళ్లు: తెల్లగా, పచ్చగా పూత పడితే వేడినీళ్లతో కడిగి బిగించాలి. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ కూడా అంతే, అది వదులైతే రోగం ఒక చోట, నొప్పి ఇంకో చోట. ఇవన్నీ అయ్యాకే మీటర్. రాత్రంతా నిలబడ్డ బండికి బ్యాటరీ 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, బ్యాటరీ నీళ్లు ఉడికిపోతాయి. ఈ మెట్లన్నీ దాటినా తప్పు దొరక్కపోతేనే డైనమో విప్పి కార్బన్లు, డయోడ్లు చూడాలి. బ్యాటరీ మార్చడం అన్నిటికంటే ఆఖరు.

ఇంకొక్క మాట. నడుస్తున్న ఇంజిన్‌కి బ్యాటరీ వైరు పీకి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే అని తేల్చే అలవాటు ఇంకా ఉంది. అది అసలు డైనమోల జమానా నాటి అలవాటు. ఆల్టర్నేటర్‌కి అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు కాలిపోవచ్చు. పైగా డీజిల్ బండి ఎలాగూ ఆగదు కాబట్టి ఆ పరీక్షతో తెలిసేదీ ఏమీ లేదు.

తర్వాతి శుక్రవారం జుమా చదివి ఆళ్లగడ్డ పోయాను. మూడు వందలు ఇస్తే “యే కాయ్‌కు బేటా?” అన్నారు ఉస్తాద్. ఆ రోజు బాకీ అన్నాను. కాసేపు నా వైపు చూసి తీసుకున్నారు. వద్దనలేదు, వద్దననందుకే నాకు హాయిగా అనిపించింది. అది బక్షీష్ కాదు, ఆయన హక్కు.

చాయ్ తెప్పించి, అరలోంచి ఒక పాత నోటుబుక్కు తీశారు. 1980లలో కర్నూలులో తన ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా ఉన్నప్పుడు రాసుకున్నదట. అంతా ఉర్దూలో. ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో వరసగా ఉంది. భూరా రంగు సీదా బ్యాటరీది. సఫేద్ చాబీది. నీలం హెడ్‌లైట్లది. కాలా ఎర్త్. భూరా మీద పీలా గీత ఉంటే అది లాల్ బత్తీది. ఇంగ్లండ్ లూకాస్ కంపెనీ పెట్టుకున్న రంగుల పద్ధతి హుగ్లీ మీదుగా కర్నూలు దాకా వచ్చి, ఉర్దూ అక్షరాల్లోకి మారి, ఆళ్లగడ్డ రేకుల డబ్బాలో కూర్చుంది.

ఇప్పుడు ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క షాగిర్ద్. మన పిల్లాడే, తెలుగు మీడియం. ఉర్దూ చదవలేడు. ముందు నేర్చుకున్నవాళ్లలో కొందరు గల్ఫ్ పోయారు, కొందరు బెంగళూరులో డ్రైవర్లు. రెండు వందల ఉజ్రత్ ఉన్న చోట ఎవరుంటారు? ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేస్తే ఏం లాభమని మా ఇంట్లో చాలా మంది అడిగేవాళ్లు. ఆ రోజు ఆ నోటుబుక్కు అడిగి తెచ్చుకున్నాను. ఆదివారాలు కూర్చుని తెలుగులోకి రాస్తున్నాను.

మొదటి పది పేజీలు రాసి తీసుకెళ్లి చదివి వినిపించాను. ఒక చోట ‘హెచ్చరిక దీపం’ అని రాశాను. షాగిర్ద్ పిల్లాడు తల ఎత్తి “అంటే ఏంది సార్?” అన్నాడు. “లాల్ బత్తీరా” అన్నారు ఉస్తాద్. కొట్టేసి అదే రాశాను.

వచ్చే నెల నంద్యాలలో మామూకి రెండు బారాత్‌లున్నాయి. బల్బు బాగానే వెలుగుతోంది, బాగానే ఆరుతోంది. మీ బండి మిస్త్రీ దగ్గరికి పోయినప్పుడు ‘ఏ సామాను వేశావు’ అని అడిగే ముందు ‘ఏం కనిపెట్టావు’ అని అడగండి. కనిపెట్టినదానికి పైసా ఇచ్చి రండి.